నా బిడ్డ మాట్లాడని రోజు

యాసంగి వడ్లు రోడ్డు మీద ఎండబోసి, కాళ్లతో సాళ్లు తీస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాను. మా నంగునూరులో కోతల రోజుల్లో రోడ్డుకు ఒక పక్క బండ్లు పోతాయి, ఇంకో పక్క వడ్లు ఎండుతాయి. కొంగులో ముడి వేసుకున్న ఫోన్ మోగింది. చూస్తే వియ్యపురాలు. ఆమె పొద్దున పూట ఫోన్ చేసే మనిషి కాదు. సిద్దిపేటలో ఇంటి ముందరి గదిలోనే ఆమెకు కిరాణం దుకాణం ఉంది. ఆ వేళప్పుడు పాల ప్యాకెట్లు ఇచ్చి చిల్లర లెక్క చూసుకోవడానికే ఆమెకు రెండు చేతులు చాలవు.

"వదినె, నీ బిడ్డ పొద్దటి సంది నోరు తెరుస్తలేదు. బయిలెల్లి రా" అంది.

"తెరుస్తలేదంటే ఏంది వదినె? జెరమొచ్చిందా?"

"జెరం లేదు, ఏం లేదు. అన్ని పనులు చేస్తున్నది. మాట్లాడ్తలేదు. ఏమడిగినా మాట్లాడ్తలేదు. మా అన్నకు గూడ ఫోన్ చేసిన. నువ్వొస్తే అందరం కూసోని మాట్లాడుకుందం."

నా కాళ్లు వడ్లలోనే ఆగిపోయాయి. ఆమె మాటల్లో నాకు మొదటి సగమే చెవికెక్కింది. మా వాడకట్టులో ఒకాయన రాత్రి అన్నం తిని పడుకుని, పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు వంకరపోయి, పేరు అడిగితే చెప్పలేకపోయాడు. నా కళ్ల ముందు ఆ మూతే కనిపించింది. నా బిడ్డకు ఇంకా ముప్పై దాటలేదు. వడ్ల మీద పట్టా కప్పమని పక్కింటామెకు చెప్పి, కాళ్లకున్న దుమ్ముతోనే బస్సెక్కాను.

బస్సు కదిలాక ఆ మాటల్లోని రెండో సగం గుర్తుకొచ్చింది. 'కూసోని మాట్లాడుకుందం.' మా దిక్కు ఆ మాటకు వేరే అర్థం ఉంది. కోడలు అలిగి మాట బంద్ పెడితే పుట్టింటివాళ్లను పిలుస్తారు. ఒక పెద్దమనిషిని మధ్యలో కూర్చోబెడతారు. కోడలిని 'నీ మనసుల ఏమున్నదో చెప్పు' అని అడుగుతారు. ఆమె చెప్పితే దాని మీద మాటలు నడుస్తాయి. చెప్పకపోతే మాత్రం, ఇక పెద్దలు చెప్పిందే ఖాయం. తర్వాత 'నాకది ఇష్టం లేదు' అంటే చెల్లదు. 'ఆనాడు నోరెందుకు తెరువలేదు' అంటారు.

అంటే వాళ్లు దాన్ని రోగం అనుకోవడం లేదు, అలక అనుకుంటున్నారు. నాకు ఒక భయం పోయి ఇంకో భయం పట్టుకుంది. నా బిడ్డ చదువు ఆ ఇంట్లో అత్తాకోడళ్ల నడుమ ఒప్పందం మీద నడుస్తోంది. 'ఇంట్ల లొల్లి లేనన్ని దినాలు సదువుకో' అంది అత్త. లొల్లి అయిందంటే చదువు పోయినట్టే.

ఆ చదువు సంగతి చెప్పాలి. నాకు నాలుగో తరగతితోనే బడి ఆగిపోయింది గానీ, విన్న మాటను మాత్రం మరిచిపోను.

నా మనవరాలికి ఐదేళ్లు నిండాయి. ఇంతవరకు ఒక్క మాట రాలేదు. అమ్మ అనదు, నానమ్మ అనదు. గొంతులో నుంచి ఒక ఊ వస్తుంది, అంతే. దవాఖానలన్నీ తిరిగారు. చివరికి హైదరాబాద్ డాక్టరమ్మ చెవులు పరీక్ష చేసి, నాలుక చూసి, ఆడించి, పాడించి చెప్పింది. పిల్లకు వినిపిస్తుంది, గొంతులో లోపం లేదు, కానీ లోపలున్న మాట నోటిదాకా వచ్చే దారిలో చిక్కుపడింది, ఆ చిక్కు మందుతో పోదు, మాట నేర్పేవాళ్ల దగ్గర కూర్చోబెట్టాలి, వారం వారం తీసుకురండి అంది. వారం వారం హైదరాబాద్ ఎట్లా పోతారు? మండలంలో ఇటువంటి పిల్లల కోసం ఒక చిన్న కేంద్రం ఉంది. అక్కడ ఒక టీచరమ్మ ఉంది, ఓపిక గల మనిషి. మాట నేర్పే కుర్చీ మాత్రం ఖాళీ. ఎవరో వస్తారట, ఎప్పుడో వస్తారట.

నా బిడ్డ ఆ టీచరమ్మనే అడిగింది. 'మేడమ్, నేనే నేర్చుకోవాలంటే ఏం చదవాలె?' అని.

నేను అప్పటిదాకా టీచరు చదువంటే ఒకటే అనుకున్నాను. అందులో ఇన్ని దారులున్నాయని నాకేం తెలుసు? మాట నేర్పే చదువు వేరట. ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లే దానికి పోవాలి. నాలుగేళ్లు. చివరి ఏడాదంతా దవాఖానల్లో, బడుల్లో రోగుల ముందు కూర్చుని పనిచేయాలి. నా బిడ్డది కామర్స్. ఆ తలుపు తెరుచుకోదు. ఇంకోటి ప్రత్యేక పిల్లలకు చెప్పే టీచరు చదువు. డిగ్రీ ఉంటే చాలు, దూరవిద్యలో కూడా చదవచ్చు. మళ్లీ అందులో చెవి వినపడని పిల్లలకు ఒక దారి, చూపు లేని పిల్లలకు ఒక దారి, నిదానంగా ఎదిగే పిల్లలకు ఇంకో దారి. ఏది ఎంచుకుంటే దానికే పనికొస్తారు. పరీక్షలు పాసైతే సరిపోదు, నెలల తరబడి బడిలో పిల్లల మధ్య పనిచేసి చూపించాలి. అప్పుడే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు లేనివాళ్లను అటువంటి పిల్లల ముందు టీచరుగా నిలబడనివ్వరు.

ఇవన్నీ నా బిడ్డ నాతో చింతపండు గింజ తీస్తూ చెప్పింది. 'పిల్లకు చెప్పనీకి ఇన్ని మెట్లా బిడ్డా?' అన్నాను. 'మన పిల్లకు ఎవరు పడితే వాళ్లు చెప్పొద్దనే గదనే అమ్మా ఇన్ని మెట్లు' అంది.

అట్లా ఆ ప్రత్యేక పిల్లల టీచరు చదువులో చేరింది. శనివారం పొద్దున బస్సెక్కి హైదరాబాద్ క్లాసులకు పోతుంది, ఆదివారం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరుతుంది. ఆ రెండు రోజులు పిల్ల నానమ్మ దగ్గర. ఈ జూన్‌లో సిద్దిపేటలోనే ఒక సర్కారు బడిలో ఆమె పని మొదలుపెట్టాలి. అది చేయకపోతే ఇన్నాళ్ల చదువు నీళ్లలో పోసినట్టే.

బస్టాండులో దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి వియ్యపురాలు ఎవరికో ఉప్పు ప్యాకెట్ ఇస్తోంది. నన్ను చూసి తల లోపలికి ఊపింది.

"పో, లోపట ఉన్నది మహారాణి. మా అసోంటోళ్లతోని మాట్లాడితే నోరు మైల పడ్తదేమో."

లోపల నా బిడ్డ పీట మీద కూర్చుని బెండకాయలు కోస్తోంది. నన్ను చూడగానే ముఖమంతా వెలిగింది. లేచి, చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మూతి వంకర లేదు. నడక బాగుంది. కానీ 'వచ్చినవా అమ్మా' అనలేదు.

"ఏమైంది బిడ్డా?"

తల అడ్డంగా ఊపింది. ఏం కాలేదని.

"నాలుక చాపు."

నవ్వుతూ చాపింది. నాలుక ఎర్రగా శుభ్రంగా ఉంది. చేతులు పైకెత్తమన్నాను, ఎత్తింది. అప్పుడు నాకు ఇంకో అనుమానం పుట్టింది. రవిక చేతులు పైకి జరిపి చూశాను, వీపు చూశాను. ఎక్కడా దెబ్బ లేదు. ఆమె నా చేయి పట్టుకుని ఆపి, నడుముకు కట్టుకున్న ఒక కట్టను చూపించింది.

ఆ కట్ట నాకు తెలుసు. అది పిల్లది. అట్ట ముక్కల మీద బొమ్మలు అంటించి, తాడుకు గుచ్చింది నా బిడ్డ. పాల ప్యాకెట్ కవరు, బిస్కెట్ కాగితం, క్యాలెండర్‌లోంచి కత్తిరించిన ఆటో, చెంబు బొమ్మ. పిల్లకు ఏం కావాలంటే ఆ బొమ్మ చూపించాలని నేర్పుతోంది. ఇప్పుడు ఆ కట్ట తల్లి నడుముకు ఎందుకుంది?

నా బిడ్డ పిల్లను చూపించింది. తన నోటిని చూపించింది. చేత్తో మూసి చూపించింది. గోడకు తగిలించిన పుస్తకాల సంచి చూపించింది.

"పిల్లకు మాట రాలేదని దిగులు పట్టుకున్నదా?"

కాదంది.

"పుస్తకాల కాడ కొట్లాటైందా? అత్త ఏమన్నదా?"

కాదు, కాదు. మళ్లీ అవే చూపించింది, ఈసారి మెల్లగా. నేను మళ్లీ వేరే అర్థం చేసుకున్నాను. ఎంత చూపిస్తే అంత దూరం పోతున్నాను. కాసేపటికి నాకే అర్థమైంది, నేను గొంతు పెంచి అరుస్తున్నాను. ఎదురుగా ఉన్నది నా కడుపున పుట్టిన పిల్ల, చెవులు నాకంటే బాగా వినిపిస్తాయి. అయినా చెవిటిదానితో మాట్లాడినట్టు ఒక్కో మాట ఒత్తి ఒత్తి అడుగుతున్నాను.

మనవరాలు మాత్రం తల్లి పక్కనే కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. దాని ముఖంలో అటువంటి సంబరం నేను ఎన్నడూ చూడలేదు. తల్లి కుండ వైపు చూసిందో లేదో, లేచి పోయి చెంబు తెచ్చింది. తల్లి కట్టలోంచి ఆటో బొమ్మ తీస్తే చప్పట్లు కొట్టింది. నాకు పొద్దున్నుంచి అర్థం కానిదేదో ఆ పిల్లకు అర్థమైనట్టే ఉంది. చెప్పడానికి దానికీ నోరు లేదు.

ఎండ నడినెత్తికి రాకముందే మిరుదొడ్డి నుంచి వియ్యపురాలి అన్న బండి మీద వచ్చాడు. భుజం మీద తువ్వాల, జేబులో రెండు పెన్నులు. ఊళ్లో నలుగురి తగాదాలు తీర్చిన మనిషి, చెడ్డవాడు కాదు. దుకాణం షట్టరు సగం దించారు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మేము కుర్చీల్లో, నా బిడ్డ గుమ్మం పక్కన చాప మీద, పిల్ల ఆమె ఒళ్లో.

"ఏం చెల్లె, మంచిగున్నవా? వడ్లు కాంటా అయినయా?" అని నన్ను పలకరించాడు. తర్వాత నా బిడ్డ వైపు తిరిగాడు.

"చెప్పు బిడ్డా. నీ మొగడు కొట్టిండా?"

తల అడ్డంగా ఊపింది.

"అత్త ఏమన్న అన్నదా? అంటే అన్నదని చెప్పు, గీడనే ఉన్నది, అడుగుదం."

కాదంది.

"ఏరు పడ్తవా? కిరాయి ఇల్లు చూడమంటవా?"

నా బిడ్డ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినట్టు పెట్టి, మళ్లీ పిల్లను, నోటిని, సంచిని చూపించింది.

"సైగలు గాదు. దేవుడు నోరిచ్చిండు గదా, నోటితోని చెప్పు."

నా బిడ్డ చేతులు కిందికి దించింది.

"చెప్పదట" అన్నాడు ఆయన, చెల్లెలి వైపు తిరిగి. "సరే. అడిగినం, చెప్పలేదు. ఇగ మనమే మాట్లాడుకుందం."

ఆ క్షణం నుంచి ఒక విచిత్రం జరిగింది. అప్పటిదాకా 'బిడ్డా, బిడ్డా' అన్నవాళ్లు 'ఆమె' అనడం మొదలుపెట్టారు. ఆమె తిన్నదా, ఆమె పండుకున్నదా, ఆమెకు మొన్న ఎట్లుండె. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి, లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. నోరు కదలని మనిషికి చెవులు కూడా ఉండవని ఎవరు చెప్పారో గానీ, ఆ గదిలో అందరం అట్లాగే నడుచుకున్నాం.

"నాకైతే ఒక్కటే తోస్తున్నది" అన్నాడు ఆయన. "పిల్లకు మాట రాదు. తల్లి దాని కోసమని సదివి సదివి మతి కరాబు చేసుకున్నది. గసొంటి పిల్లలకు హాస్టల్ ఉన్నదట. గాడ ఏద్దాం. నేనే బండి మీద దింపొస్త. ఇంకో పిల్లనో పిలగాన్నో కంటే అన్ని సర్దుకుంటయి."

ఒళ్లో పిల్ల ఉంది. పిల్ల ఆయన ముఖాన్నే చూస్తోంది.

"అన్నా, పిల్ల ఇంటున్నది" అన్నాను.

"దానికేం తెలుస్తది చెల్లె."

"వినిపిస్తదని డాక్టరు చెప్పింది."

"వినిపిస్తది, సమజైతదా? రేడియో వినిపిస్తది గోడకు గూడ."

వియ్యపురాలు తల దించుకుని ప్లాస్టిక్ కవర్లు ఒకదాని మీద ఒకటి మడత పెడుతోంది. నేను నా బిడ్డ వైపు చూశాను. ఆమె పెదాలు బిగుసుకుని ఉన్నాయి. గోళ్లు చాపలో దిగబడ్డాయి.

అప్పుడే ఫోన్ మోగింది. నా అల్లుడు. వరికోత మిషన్ నడుపుతాడు, కోతల రోజుల్లో ఏ ఊళ్లో ఉంటాడో అతనికే తెలియదు. పొద్దున్నుంచి తల్లి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆమె స్పీకర్ పెట్టింది. వెనుక మిషన్ చప్పుడు.

"అమ్మా, ఏంది అన్నిసార్లు చేసినవ్?"

"నీ పెండ్లాం పొద్దటి సంది మాట్లాడ్తలేదురా. మామను పిలిచిన, అత్తను పిలిచిన."

"మామనెందుకు పిలిచినవే? ఇయ్యాల అది మాట్లాడది. క్లాసుల జెప్పిన్రు. పిల్ల లేచిన కాడికెల్లి పండుకునే దాక నోరు తెరువొద్దు, రాయొద్దు. నోరు రాని పిల్ల ఇంట్ల ఎట్లుంటదో అట్ల ఒక దినమంతా ఉండాలె. ఏదన్న ఆపతైతే తప్ప మాట్లాడొద్దన్నరట. అది జేసినంకనే జూన్ల బడికి పంపుతరట. నీకు చెప్పమని నాకు చెప్పింది. మిషన్ బురదల దిగవడె, నేను యాది మర్చిన."

మిషన్ చప్పుడు కాసేపు అట్లాగే వినిపించి ఆగిపోయింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున్నుంచి నేను నాలుక చూసింది, వీపు చూసింది, అన్నీ ఒక పాఠం కోసమా? యూనివర్సిటీలో ఇట్లాంటి పాఠం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. పుస్తకాలుంటాయి, పరీక్షలుంటాయి అనుకున్నాను గానీ, టీచరు కావాలంటే ముందు పిల్లలా ఒక రోజు బతకమంటారని ఎవరనుకుంటారు?

ముందు తేరుకున్నది వియ్యపురాలు. ఆమె ముఖం ఎర్రబడింది.

"అంటే పొద్దటి సంది నాటకమా? దుకాణం కాడికొచ్చినోళ్లందరు నీ కోడలుకేమైందని అడిగిన్రు. నాతోని ఏం పంచాది అని అడిగిన్రు. నా ఇజ్జత్ తీయనీకి సదువు చెప్పిన్రా నీకు? ముందుగాల నాకే చెప్తే నా నోరు పడిపోతుండెనా? మిషన్ మీద తిరిగెటోనికి చెప్పి ఊకుంటవా?"

ఆమె కోపంలో న్యాయం ఉంది.

పెద్దమనిషికి అవమానమైంది. పని మానుకుని అంత దూరం నుంచి వచ్చాడు. తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"పెద్దోళ్లను కూసోబెట్టి తమాష చూసుడు గిది ఏం సదువు? నేను చెప్తున్న, ఇయ్యాల్టి సంది బంద్. హైదరాబాద్ బంద్, జూన్ల బడి బంద్. ఆమె ఇంట్ల ఉండి సంసారం చూసుకుంటది. పిల్లను హాస్టల్ల ఏద్దాం. ఆమెను అడిగినం, చెప్పలేదు. అయిపోయింది."

'అడిగినం, చెప్పలేదు.' ఆ మాటతో మా దిక్కు తీర్పు ముగుస్తుంది. నేను కుర్చీలోంచి లేచి నా బిడ్డ ముందు కూర్చున్నాను.

"బిడ్డా, అందరికి తెలిసిపోయింది గదా. ఇగనన్న నోరు తెరువు. ఆపతైతే మాట్లాడొచ్చన్నరట. ఇంతకన్న ఆపతి ఏముంటది? నీ సదువు పోతుంది. పిల్ల పోతుంది."

ఆమె కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. పెదాలు విడిపడ్డాయి. గొంతు కదలడం నేను చూశాను. అంతలో ఆమె చూపు తన ఒళ్లోకి పోయింది. ఒళ్లో పిల్ల లేదు. మాటల్లో పడి, అది ఒళ్లోంచి ఎప్పుడు దిగిందో ఎవరం చూడలేదు. నా బిడ్డ దిగ్గున లేచింది. లోపలి గదిలో లేదు. పెరట్లో లేదు. అందరం సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాం.

పిల్ల పెద్దమనిషి బండి పక్కన నిలబడి ఉంది. కుడి కాలి చెప్పు ఎడమ కాలికి, ఎడమ కాలిది కుడి కాలికి. ఒక చేత్తో బండి సీటు పట్టుకుంది. ఇంకో చేతిలో వాళ్లమ్మ హైదరాబాద్ పోయేటప్పుడు వేసుకునే సంచి. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చినట్టుంది, మట్టిలో చార పడింది.

ఏడవడం లేదు. ఎక్కించుకోమని ఎదురుచూస్తోంది, అంతే.

నా జీవితంలో చావులు చూశాను, కరువు చూశాను. కానీ ఆ ఎండలో, ఆ బండి పక్కన నిలబడ్డ పిల్లను చూసి నా ఒళ్లు చల్లబడినట్టు ఎప్పుడూ చల్లబడలేదు. 'నేనే బండి మీద దింపొస్త' అన్న మాట గదిలో అన్నది. హాస్టల్ అన్నది గదిలోనే. ఎవరూ దానికి చెప్పలేదు, ఎవరూ దాన్ని అడగలేదు. విన్నది. తనను పంపుతున్నారని తెలుసుకున్నది. సంచి సర్దుకున్నది.

వియ్యపురాలు ముందుకు పోయి, వంగి, సంచి విప్పింది. అందులో పిల్ల తినే స్టీలు పళ్లెం ఉంది. ఒక గౌను ఉంది. అడుగున ఉండ చుట్టి కుక్కిన పాత నూలు చీర ఉంది. వియ్యపురాలు దాన్ని బయటికి లాగి, రెండు చేతుల్లో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"గిది నా చీర" అంది, ఎవరితోనో తెలియకుండా.

తల్లి హైదరాబాద్‌లో ఉండే శనివారం రాత్రులు ఆ పిల్ల నానమ్మ పక్కలో, ఆ చీర కొంగు చేతికి చుట్టుకుని పడుకుంటుందని నాకు తర్వాత తెలిసింది.

"నేను ఊకెనే అన్న" అన్నాడు పెద్దమనిషి, గొంతు తగ్గించి. "మాట వరుసకు అన్న."

వియ్యపురాలు అన్న వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది.

"గింత సమజైతదా దీనికి?"

నా బిడ్డ తల ఊపింది. అవునని.

"ఎప్పటి సంది? మొదటి సందినా?"

మళ్లీ ఊపింది.

వియ్యపురాలు దుకాణం మెట్టు మీద కూలబడింది. ఆ దుకాణంలో కూర్చుని పిల్ల ఎదుటే వచ్చేవాళ్లతో ఇన్నేళ్లుగా ఏమేం మాట్లాడి ఉంటుందో ఆమెకే తెలుసు. కాసేపటికి పిల్లను దగ్గరికి పిలిచింది. పిల్ల సీటు వదల్లేదు. ఆమే లేచి పోయి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నిన్ను పంపుతలేము. ఎవ్వరు పంపుతలేరు. నువ్వు ఉంటవా నా దగ్గెర?" అంది. అని, అక్కడితో ఆగింది. ఆమె మామూలుగా అడిగే ప్రశ్నకు తానే జవాబు చెప్పుకునే మనిషి. 'అన్నం తింటవా, తింటవులే' అంటుంది. ఆ రోజు మాత్రం చీర పట్టుకుని అట్లాగే కూర్చుంది. పాల ప్యాకెట్ కోసం వచ్చిన ఒకావిడ చిల్లర పట్టుకుని నిలబడింది, ఆమె పట్టించుకోలేదు.

పిల్ల చాలాసేపు నానమ్మ ముఖం చూసింది. తర్వాత సీటు వదిలి, ఆమె చేతిలోంచి చీర లాక్కుంది. చెప్పులు విప్పి, రెండూ తెచ్చి గుమ్మం పక్కన మామూలుగా పెట్టే చోట పెట్టింది. చీర ఈడ్చుకుంటూ లోపలికి పోయింది.

"మరి సదువు సంగతి..." అని మొదలుపెట్టాడు పెద్దమనిషి.

"అన్నా, నువ్వు చాయ్ తాగి పో" అంది వియ్యపురాలు. "మిరుదొడ్డి దాక పోవాలె, ఎండ ఎక్కుతున్నది."

ఆయన చాయ్ తాగాడు. నా బిడ్డే పెట్టి ఇచ్చింది. గ్లాసు ఇస్తున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు. పోయేముందు గుమ్మం దగ్గర నిలబడి, లోపల చీర మీద కూర్చున్న పిల్లతో 'పోయొస్త బిడ్డా' అన్నాడు. పిల్ల తల కూడా తిప్పలేదు.

పొద్దుగూకకముందే పిల్లకు కళ్లు మూతలు పడ్డాయి. మేము ముగ్గురం ఆడవాళ్లం వంటింట్లో కూర్చుని, పక్క గదిలో అది అటు ఇటు దొర్లడం ఆగేదాకా చెవులు పెట్టి ఉన్నాం. ఊపిరి ఒక్క తీరుగా వస్తోందని నేనే పోయి చూసి వచ్చాను.

"పండుకున్నది. ఇగ మాట్లాడు తల్లీ" అంది వియ్యపురాలు.

నా బిడ్డకు వెంటనే మాట రాలేదు. దగ్గింది. నీళ్లు తాగింది. బయటికొచ్చిన గొంతు బొంగురుగా, ఎవరిదో గొంతులా ఉంది. ఆ గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను.

"అత్తమ్మా, తప్పయింది. నీకే చెప్పాలె నేను" అంది.

"చెప్పాలె" అంది అత్త. "ఇప్పటికైనా ఒడిసిందా ఇది? రేపు గూడ ఉన్నదా?"

"ఒడిసింది."

"నేనంత బతిమిలాడితె ఎందుకు తెరువలేదు బిడ్డా?" అన్నాను నేను.

ఆమె బెండకాయ ముక్కల గిన్నె దగ్గరికి జరుపుకుంది. "తెరుద్దామనే అనుకున్ననే అమ్మా. నోట్లకు వచ్చింది. హాస్టల్ అన్నప్పుడు ఇంక ఆగలేననుకున్న. అప్పుడే అది నా చెయ్యి పట్టుకున్నది. దానికి రోజూ గిట్లనే ఉంటది గదా అని యాదికొచ్చింది. నేను తెరిస్తే నాది అయిపోతది. దానిదేమో అట్లనే ఉంటది."

"హాస్టల్ మాట ఈ ఇంట్ల ఇగ ఎవ్వరు తియ్యొద్దు" అంది వియ్యపురాలు. లేచి పొయ్యి ముట్టించింది. మా వైపు వీపు పెట్టి, గిన్నెలో నూనె పోస్తూ అంది. "జూన్ల బడి ఎన్ని గంటలకు? దుకాణం కాడికి పాలోడు ఏడింటికొస్తడు. ఆలోపలనైతే పిల్లను చూసుకునుడు నాతోని కాదు."

నా బిడ్డ నా వైపు చూసింది. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

తెల్లారి నేను నంగునూరు వచ్చేశాను. వడ్లు తడవలేదు, పక్కింటామె పట్టా బాగానే కప్పింది. ఆ తర్వాతి శనివారం పొద్దున వియ్యపురాలికి ఫోన్ చేశాను. నా బిడ్డ బస్సెక్కిందో లేదో కనుక్కుందామని. ఎక్కకపోతే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

"ఎప్పుడో పోయింది హైదరాబాద్. టిఫిన్ గూడ కట్టిచ్చిన" అంది. వెనుక పాల ట్రేల చప్పుడు. "నాకు పనున్నది వదినె, ఇగో నీ మనవరాలు ఖాళీగ ఉన్నది. మాట్లాడు."

నేను ఉలిక్కిపడ్డాను. ఐదేళ్లలో ఒక్కరు కూడా ఆ పిల్ల చేతికి ఫోన్ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. మాట్లాడలేని పిల్లకు ఫోన్ ఎందుకని ఎవరికైనా తోచేదే. అవతల ఊపిరి వినిపించింది. దగ్గరగా, వేడిగా, నా చెవిలోనే ఉన్నట్టు.

ఏం మాట్లాడాలో తెలియలేదు. జవాబు చెప్పని మనిషితో ఎట్లా మాట్లాడతారు? చివరికి నాకు తెలిసిందే చెప్పాను. వడ్లు ఎండాయని చెప్పాను. కాంటా దగ్గర లారీ రాలేదని చెప్పాను. మా ఎర్ర కోడి గడ్డివాము కింద గుడ్లు పెట్టి ఎవరికీ కనిపించకుండా పొదుగుతోందని, నువ్వొచ్చేసరికి పిల్లలు తిరుగుతుంటాయని చెప్పాను. ఒక్కో మాట అయ్యాక ఆగాను. ఆగినప్పుడల్లా అవతల తాడుకు గుచ్చిన అట్ట ముక్కలు ఒకదానికొకటి తగిలి టపటపమన్నాయి.